బెరడు లేని దుంగ

పాత కర్ర కావాలని వచ్చిందావిడ
తాళ్ళరేవులో మా పడవల షెడ్డుకి,
చెప్పులు చేత్తో పట్టుకుని, బురదలో.
పేరు సుభాషిణి. చెట్ల లోపలి గీతలు చదివి
వెనకటి వానల సంగతి చెబుతుందట.
"చెట్లకేం తక్కువమ్మా, వంతెన దాటితే
అంతా కొబ్బరే కదా" అన్నాను.

కొబ్బరికి వలయాలుండవంది.
లోపలంతా పీచు.
ఏ ఏడు ఎలా గడిచిందో రాసుకునే అలవాటు లేదు దానికి.
తాటికీ లేదు. అరటికి అసలే లేదు.
మడచెట్టు రాస్తుంది గానీ
పోటుకొకటి, పాటుకొకటి గీసుకుంటుంది,
ఏది ఏడాదో ఏది అమావాస్యో తేలదు.

మరి ఈ లంకల్లో
వాన గుర్తున్నవాళ్ళే లేరా?
ఉన్నారంది. పైనుంచి కొట్టుకొచ్చినవాళ్ళు.
పాపికొండలవతల నరికిన టేకు
తెప్పలై వరద మీద దిగి,
రాజమండ్రిలో గట్టెక్కి,
ఎవరింట్లోనో ద్వారబంధమై, దూలమై,
మా పడవలకి వెన్నుకర్రై.

షెడ్డు వెనక్కి తీసుకెళ్ళాను.
తాత చేసిన పడవ తాలూకు అడుగుదూలం
పదేళ్ళుగా కోళ్ళు పడుకుంటున్నాయి దాని మీద.
ఇప్పుడన్నీ ఫైబరు పడవలు,
దాన్ని అడిగినవాళ్ళు లేరు.
అడ్డంగా కోసి ఒక పలక తీశాను.
ఎనభై నంబరు ఇసుకకాయితం నాది,
నాలుగొందల నంబరుది ఆవిడది,
ఇద్దరం కూర్చుని మధ్యాహ్నం దాకా రుద్దాం.
రుద్దేకొద్దీ కర్ర
తడిసినట్టు పైకి తేలింది.

సూదితో లెక్కపెట్టింది.
పదేళ్ళకో చుక్క, యాభైకి రెండు, నూరుకి మూడు.
"చూశారా కోదండం గారూ, ఇక్కడ నాలుగేళ్ళు
ఒకదాన్నొకటి ఆనుకుని."
ఆకలితో ఒక్క చాప మీద ముడుచుకున్న పిల్లల్లా
ఉన్నాయి అవి.
"కరువు. ఇదిగో, ఈ పక్కది వెడల్పు.
మంచి ఏడు."

"అడవికి మంచి ఏడంటే
మాకిక్కడ గట్టు తెగిన ఏడు కదమ్మా."
సూది ఆపి నా వైపు చూసింది.
పుస్తకంలో ఏదో రాసుకుంది, చిన్నగా.

చివర్న అడిగాను, ఈ చెట్టు
ఏ సంవత్సరం పడిపోయిందీ అని.
బయటి అంచు వేలితో తడిమింది.
"బెరడు లేదండీ. మీ తాతగారి బాడిసకి
ఆఖరి ఏళ్ళు చెక్కుకుపోయాయి. ఎన్నో తెలీదు.
మిగతా కర్రలతో సరిచూశాక
ఫలానా ఏడు దాకా బతికుందని రాస్తాను.
పోయిన ఏడు మాత్రం రాయను.
ఆ తర్వాత, అని రాసి వదిలేస్తాం."

తొంభైయారులో, దీపావళి ఆదివారమనగా
సోమవారం పొద్దున
చద్దన్నంలో మామిడికాయ నంజుకుని
వేటకి పోయాడు నాన్న.
అమ్మకి తెలిసింది అంతవరకే.
తుఫాను తర్వాత ఆఫీసులో తేదీ అడిగారు.
తెలీదంది.
తెలీదని రాసే గడి ఆ కాగితంలో లేదు.
గుమాస్తానే ఒక తేదీ వేసి ముద్ర కొట్టాడు.
అప్పట్నుంచీ ఆ రోజే
విస్తరేసి అన్నం పెడుతున్నాం,
అమ్మ మాత్రం ఆ రోజు ఎప్పుడూ
పొయ్యి దగ్గరే ఉండిపోతుంది.

ఇదంతా ఆవిడకి చెప్పలేదు.
పలకని పాత లుంగీలో చుట్టి
ఆటో దాకా మోసుకెళ్ళాను, అంతే.

కార్తీకంలో ఒక కవరొచ్చింది.
లోపల ఎగుడుదిగుడు గీత, కింద నాలుగు వరసలు,
తాత పేరు, ఊరి పేరు కూడా.
అమ్మకి చదివి వినిపించాను.
ఏం తెలుస్తుందిలే అనుకుంటూ
గబగబా చివరికొచ్చేశాను.

"ఉండ్రా" అంది.
చేతిలో చేప అలాగే పట్టుకుని,
"ఆ ఆఖరి మాట
మళ్ళీ చదువు."